మా తాత ఎన్నడూ వద్దనలేదు

ముందుగా నాకు రూఢిగా తెలిసినవి చెబుతాను. జహీరాబాదులో మా ఇంటి దేవుడి గదిలో, గద్దె మీద, మోకాలెత్తు నల్లరాతి వీరభద్రుడు ఉండేవాడు, ఇప్పటికీ ఉన్నాడు. ఆయన రెండు భుజాల మీద నీళ్లలో తడిపిన గన్నేరు పువ్వులు చెరొకటి అంటించి, ఇంటి పెద్ద ఎదురుగా కూర్చుని ఒక ప్రశ్న అడిగేవాడు. కుడి పువ్వు ముందు రాలితే ఔనని, ఎడమ పువ్వు ముందు రాలితే కాదని లెక్క. దీన్ని మా ఇంట్లో పువ్వడగడం అనేవారు. దేవుడి పక్కన ఇత్తడి దీపపు సెమ్మె ఉండేది. దాని వత్తి దేవుడి భుజానికి జానెడు దూరంలో వెలిగేది. ఇవన్నీ నేను కళ్లారా చూసినవి. ఇక విన్నవి వేరు. ఆ రాయి న్యాల్‌కల్ వైపు చేనులో మా ముత్తాత నాగలికి తగిలి నెత్తురు కార్చిందని విన్నాను. కరువు కాలంలో పువ్వు చూపిన చోట తవ్వితే నీళ్లు ఎగజిమ్మాయని విన్నాను. పువ్వు మాట కాదన్న ఒక దాయాది ఏడు తిరగకుండానే చచ్చిపోయాడని విన్నాను. మాది ఎర్రనేల, అందులోంచి తీసిన ఏ రాయిని కడిగినా ఎర్రనీళ్లే కారుతాయి. నీళ్లు పడ్డ బావి ఎక్కడని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపేవారు. నీళ్లు పడని గుంతలు మాత్రం అందరికీ తెలుసు, వాటిలో మా మేకలు పడేవి. చచ్చిపోయిన దాయాదిని నేను నా పెళ్లి పంక్తిలో చూశాను, రెండోసారి వడ్డించమని అడుగుతున్నాడు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల నాగేశు చేసిన ఫోను. నాగేశు మా పెదనాన్న కొడుకు, నాకు తమ్ముడి వరస. తాత తరువాత పెదనాన్న, పెదనాన్న తరువాత ఇతడు ఆ ఇంటికి పెద్ద. "అక్కా, హైవే పక్క చెల్క ప్లాట్లు జేద్దామనుకుంటున్నం. ఆయన్నడగాలె. ఇంటోళ్లంత ఉండాలె, నువ్వు రావాలె" అన్నాడు. మా ఇంట్లో 'ఆయన' అంటే వీరభద్రుడే. నా ఉద్యోగమంతా నీటి పరీక్షా కేంద్రంలో గడిచింది. ఊళ్లకు ఊళ్లు అమృతమని తాగే నీళ్లను సీసాలో పట్టి, అందులో ఏముందో చూసి చెప్పడం నా పని. అటువంటి దాన్ని ఈ తంతుకు పిలవడానికి అతనికి సిగ్గు లేకపోయింది, వెళ్లకుండా ఉండేంత పట్టుదల నాకు లేకపోయింది. బస్సు ఆ చెల్క పక్కనుంచే, మా మెట్ట చేను గట్టు వెంటే పోతుంది. కిటికీలోంచి చూద్దును కదా, కంది మోళ్ల మధ్య పసుపు రంగు వేసిన హద్దురాళ్లు వరసగా పాతి ఉన్నాయి.

"ఏందిరా, రాళ్లు పాతినంక అడుగుడా?" అన్నాను, చెప్పులు విడవకముందే.

"అడుగుడు అడుగుడే అక్కా. పద్ధతి తప్పొద్దు గదా."

"కాదంటే?"

"గట్లెందుకంటడు?" అన్నాడు నాగేశు. అతడు హాస్యమాడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

దేవుడి గదికి చలువరాళ్లు పరిపించారు. సెమ్మె లేదు, దాని చోట మంటలా వణికే కరెంటు దీపం ఉంది, తాకితే చల్లగా ఉంటుంది. పువ్వులు అంటించి కూర్చున్నాం. అవి రాలలేదు. నాగేశు కొడుకు ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీస్తూ చేతులు మార్చుకున్నాడు. వచ్చినవాళ్లు కాళ్లు మార్చుకున్నారు. చివరికి నాగేశు భార్య ఉక్కపోస్తోందని లేచి ఫ్యాను వేసింది, కుడి పువ్వు ఎగిరిపడింది. "ఆయన ఇష్టం!" అని అందరూ చెంపలు వేసుకున్నారు. ఫ్యాను ఏ గోడకు ఉందో రాయనవసరం లేదు. గదిలో ఒక్క మనిషి మాత్రం పువ్వులవైపు చూడలేదు. మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆ ముసలామె మా కమలత్త, మా నాన్నకు చెల్లెలు. ఈ అధ్యాయం ఆమె గురించి. మిగతావాళ్లు ఆమె జీవితానికి అడ్డం నిలబడ్డారు గనుక వాళ్ల గురించి కూడా రాయవలసి వస్తోంది.

నా చిన్ననాటి ఇల్లు తలచుకుంటే మొదట వచ్చేది ఆముదం కాలే వాసన. తెల్లవారకముందే కమలత్త లేచి వాకిలి అలికేది, బావి దగ్గర స్నానం చేసి తడి జుట్టుతోనే గన్నేరు పూలు కోసేది, పత్తిని తొడ మీద రుద్ది వత్తులు చేసేది. అప్పటికి పొయ్యి మీద పెనం వేడెక్కి, మా అమ్మ చేతుల్లోంచి జొన్నరొట్టెల చప్పుడు మొదలయ్యేది. పొలం నుంచి అల్లం బస్తాలు దిగిన రోజుల్లో ఇల్లంతా ఆ ఘాటే. దేవుడి గదిలో ఆముదం, వసారాలో అల్లం, తాత దగ్గర నశ్యం. తాత పడక్కుర్చీలో కూర్చుని నశ్యం డబ్బీ మీద గోటితో తట్టేవాడు. ఆ చప్పుడుకు కోడళ్లు మాటలు ఆపేసేవారు. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆయన నోట 'వద్దు' అన్న మాట కూడా నేను వినలేదు. దాని అవసరం ఆయనకు రాలేదు. ఎవరు ఏది అడిగినా రెండు అరచేతులు పైకి తిప్పి, "నేనెవన్ని బిడ్డా? నేను వద్దంటనా? ఆయన్నడుగుదం" అనేవాడు. ఊళ్లోవాళ్లు దాన్ని వినయం అనుకునేవారు. తన దారిన తాను పోకుండా అడుగడుగునా దేవుడి చిత్తం తెలుసుకుని నడిచే మనిషి అని ఆయనకు పేరు. పెళ్లిళ్లలో ఆయన్ని చూపించి పిల్లలకు బుద్ధులు చెప్పేవారు.

నేను చూసిన మేరకు ఆ దేవుడి చిత్తం ఇలా ఉండేది. తాత అప్పటికే పళ్లు చూసి, బేరమాడి, మెడ నిమిరి వచ్చిన ఎద్దు గురించి అడిగితే కుడి పువ్వు రాలేది. ఆలుగడ్డ వేద్దామా అని పెదనాన్న అడిగించిన ఏడు, తాత మనసు అల్లం మీద ఉంటే, ఎడమ పువ్వు రాలేది. కోడళ్లు పుట్టింటికి పోతామంటే ఎడమ పువ్వే. మా అమ్మ పుట్టిల్లు కోహీరు. బస్సెక్కితే కాసేపట్లో దిగవచ్చు. తన చెల్లెలి సీమంతానికి కూడా పువ్వు కాదన్న రోజు, అమ్మ పెనం మీది రొట్టెను తిప్పుతూ, "దేవునికి కోహీరంటే ఎందుకో పడది" అంది. నానమ్మ మాత్రం మెల్లగా మాట్లాడే రకం కాదు. "ఆయనకు గూడ నీ అసొంటి తలకాయే ఉన్నట్టుంది, ఒక్కనాడన్న నీకు ఎదురుజెప్పడు" అని మొగుడి ముఖం మీదే అనేది. తాత నవ్వి నశ్యం పీల్చేవాడు.

సెమ్మె ఎటువైపు ఉంటే అటువైపు పువ్వు ముందు రాలుతుందని గమనించినప్పుడు నాకు పదేళ్లో పదకొండో. తరువాత కాలేజీ ప్రయోగశాలలో ఒక నల్లరాయి, దీపం, గన్నేరు పూలు తెచ్చి నా తృప్తి కోసం పరీక్షించాను. తడి ఆరితే పువ్వు జారుతుంది. మంట దగ్గరున్న వైపు తడి ముందు ఆరుతుంది. తొడిమ మరీ బరువుగా ఉంటే తప్ప ఇందులో తేడా రాలేదు. కాబట్టి దీపం సంగతి రూఢి. తాతకు ఆ సంగతి తెలుసునన్నది మాత్రం రూఢి కాదు, నా అనుమానం. సెమ్మె మామూలుగా కుడివైపు ఉండేది. కొన్ని ప్రశ్నలకు ముందు తాత, పొగ కళ్లలోకి వస్తోందని దాన్ని ఎడమకు జరిపించేవాడు. కోడళ్లు పుట్టింటికి పోతామన్న రోజుల్లో ఆయన కళ్లు మరీ మండేవి.

కమలత్తను ఝరాసంగం వైపు ఇచ్చారు. పెళ్లైన ఏడాదే ఆమె భర్త విషజ్వరంతో పోయాడు. ఆమె తిరిగి వచ్చింది. ఇంట్లో ఎవరికి ఒళ్లు బాగులేకున్నా సర్కారు దవాఖానకు వెంట పోవడం ఆమె పని అయింది. అక్కడి నర్సమ్మ ఆమె చెయ్యి చూసింది: పుండు కడిగినా, పిల్లవాడి నోట్లో మందు పోసినా తొణకని చెయ్యి. సంగారెడ్డిలో నర్సు ట్రైనింగు ఉందని, భర్త పోయినవాళ్లకు సీటు ఇస్తారని చెప్పింది. సీటు వచ్చింది కూడా. ఆ సాయంత్రం కమలత్త తాత ఎదుట నిలబడటం నాకు స్పష్టంగా గుర్తుంది. కొంగు కొసను వేలికి చుట్టి విప్పుతోంది.

"నర్సు ట్రైనింగుకు రమ్మన్నరు నాయినా. పోదామనుకుంటున్న."

తాత అరచేతులు తిరగేశాడు. "నేను వద్దంటనా బిడ్డా? నేనెవన్ని? సోమారం ఆయన్నడుగుదం."

"నీ నోటికి వద్దనుడు రాదు, ఆయన నోటికెల్లి అనిపిస్తవ్" అంది నానమ్మ లోపల్నుంచి.

సోమవారం పొద్దున ఇల్లంతా దేవుడి గదిలో ఉంది. సెమ్మె ఎప్పటిలాగే కుడివైపు ఉంది. తాత దాన్ని ముందే ఎందుకు జరిపించలేదో నాకు తెలియదు. వాకిట్లో ఎద్దుల బేరగాడు కూర్చుని ఉండటంతో తొందరలో మరిచాడని తరువాత అమ్మ చెప్పింది, అది విన్నమాట. కమలత్తే పువ్వులు తడిపి అంటించింది. తాత కళ్లు మూసుకుని అడిగాడు. మేమంతా చూస్తుండగా కుడి పువ్వు జారి గద్దె మీద పడింది.

ఎవరూ చెంపలు వేసుకోలేదు. పెదనాన్న దగ్గాడు. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తాత ఆ పువ్వు వంక, పని చెప్పినా వినని జీతగాణ్ని చూసినట్టు, చాలాసేపు చూశాడు. చివరికి అన్నాడు: "అడుగుడు సక్కగ అడగలె. పోవచ్చునా అనడిగినం. పోతే మంచిగుంటదా అనడగలె. మళ్ల పెట్టు బిడ్డా. జర దీపం ఎడమకు జరుపు, పొగ కండ్లల్లకొస్తుంది."

కమలత్త సెమ్మెను రెండు చేతులా పట్టి ఎత్తి, నూనె తొణక్కుండా, ఎడమవైపు పెట్టింది. కొత్త పువ్వులు తడిపి అంటించింది. ఎడమ పువ్వు రాలింది. ఆమె నేలకు నుదురు ఆనించి మొక్కింది, రాలిన పూలు ఏరుకుంది, వంటింట్లోకి వెళ్లింది. ఆ పూట రొట్టెలు ఆమే చేసింది. అవి ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. తాత వాకిట్లోకి వెళ్లి ఎద్దు బేరం ముగించాడు. సంగారెడ్డి మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దేవుడి చిత్తం పట్ల మా తాతకు ఎంత నమ్మకమో తెలిసింది మరికొన్నేళ్లకు, ఒక చలికాలపు పొద్దున. నశ్యం డబ్బీ ఆయన చేతిలోంచి జారింది, చెయ్యి దాని వెంటే వేలాడింది, నోరు ఒక పక్కకు పోయింది. ఇల్లంతా గుమికూడింది. "పువ్వడుగుదమా తాతా, దవాఖానకు పోవచ్చునో లేదో?" అన్నాను. అంత మాట అనగలిగిన వయసు అప్పటికి వచ్చింది. మిగిలిన సగం నోటితో తాత, "జీపు... జీపు తేపో" అన్నాడు. పెదనాన్న చెప్పులు లేకుండానే ఉరికాడు. దేవుడి గది తలుపు కూడా ఎవరూ తీయలేదు. ఇన్నేళ్ల భక్తిలో ఆయన నోట నేను విన్న నిఖార్సైన మాట ఆ ఒక్కటే, తన ప్రాణం మీది ఆశ. అందులో తప్పు లేదు. ఆ ఆశే కూతురికి కూడా ఉండవచ్చునన్న ఊహ ఆయనకు రాకపోవడం దగ్గరే నా గౌరవం ఆగిపోయింది.

తాత బతికాడు, మంచం దిగలేదు. పక్క మార్చింది, పుండు కడిగింది, చెమ్చాతో గంజి తాగించింది, ఒంటికి రెంటికి చూసింది, అంతా కమలత్తే. పరామర్శకు వచ్చినవాళ్లతో తాత నంగి నంగిగా, "సూసిన్రా? గందుకే ఆయన దాన్ని అప్పుడు పోనియ్యలే" అనేవాడు. వచ్చినవాళ్లు తలలూపేవారు. ఆ తలలూపడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. నానమ్మ ఒక్కతే, "నీకు పక్షవాతం వస్తదని ఆయనకు ముందే తెలిస్తే, అది రాకుండ జేసుడు తెల్వదా?" అంది.

అప్పుడే నాకు హైదరాబాదులో డిగ్రీ సీటు వచ్చింది. నాన్న మెత్తని మనిషి, "తాతనడుగు" అన్నాడు. తాత అరచెయ్యి తిరగేశాడు, ఇప్పుడు ఒక్కటే తిరిగింది. మంచం నడింట్లో, దేవుడి గదికి ఎదురుగా ఉండేది. అక్కణ్నుంచి దేవుడి ముఖం, భుజాలు కనబడేవి. సెమ్మెను తలుపు రెక్క కప్పేసేది. పట్టపగలు కావడంతో వెలుతురును బట్టి అది ఎటువైపు ఉందో కూడా తెలియదు. నేను గడపలో నిలబడ్డాను, నాకు రెండూ కనబడుతున్నాయి.

"కమలా, దీపం ఎడమకు జరిపినవా?" అన్నాడు తాత. ఈసారి పొగ సాకు కూడా చెప్పలేదు. అంత దూరానికి పొగ రాదు.

"జరిపిన నాయినా" అంది కమలత్త.

సెమ్మె కుడివైపే ఉంది. ఆమె దాని మీద చెయ్యి కూడా వేయలేదు. కుడి పువ్వు రాలింది. తాత, "మళ్ల... మళ్ల పెట్టు" అని గింజుకున్నాడు. కమలత్త రాలిన పువ్వును కళ్లకద్దుకుని, ఎంతో వినయంగా, "రెండుసార్లడిగితే ఆయనకు కోపమొస్తది నాయినా" అంది. నానమ్మ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లిపోయింది. నేను హైదరాబాదు వెళ్లాను. నేను చదివిన రసాయన శాస్త్రమంతా దేవుడి ఎదుట ఆడిన ఒక అబద్ధం మీద నిలబడి ఉంది. అందుకు నేను దేవుడికి గానీ తాతకు గానీ సంజాయిషీ ఇచ్చుకోను.

నాగేశు ఇంట్లో ఆ కరెంటు దీపం ముందు కూర్చుని అప్పటి తంతునూ ఇప్పటి తంతునూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అప్పటి మోసానికి కనీసం ఒక సెమ్మె మోసే శ్రమ ఉండేది. పువ్వు ఎటు రాలుతుందోనని నిజంగా గుండె దడదడలాడే మనుషులు ఆ గదిలో ఒకరిద్దరైనా ఉండేవారు. ఇప్పుడు రాళ్లు పాతిన తరువాత అడుగుతున్నారు, జవాబును వీడియో తీసి చుట్టాలకు పంపుతున్నారు. దేవుడి చిత్తం వెతుకుతున్నానని చెప్పేవారికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది: తన ఇష్టానికి అడ్డం వచ్చిన జవాబును ఆ మనిషి ఒక్కసారైనా తలకెత్తుకున్నాడా? తాత ఎత్తుకోలేదు, పెదనాన్న ఎత్తుకోలేదు, నాగేశుకు అటువంటి జవాబు ఒకటుంటుందనే తెలియదు. ఈ పరీక్షలో నెగ్గినట్టు కనబడేది మా ఇంట్లో కమలత్త ఒక్కతే. కనబడేది అని ఎందుకన్నానో చెప్పాలి.

భోజనాలయ్యాక పెరటి వసారాలో ఆమె పక్కన కూర్చున్నాను. లోపల నాగేశు ప్లాట్లు కొనేవాళ్లతో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"అత్తా, నా పారి తాత జరుపుమన్నా దీపం జరపలే. నీ పారి ఎందుకు జరిపినవ్?"

ఆమె నా వైపు చూసి, ఉన్న రెండు మూడు పళ్లతో నవ్వింది. "ఇన్నొద్దులకు అడుగుతున్నవా? నీ పారి ఆయన్నడిగేదేముంది. నీకేం గావాల్నో నాకెరికే. నా సంగతి వేరె గదా. నాకు గావాల్నన్నది ఆయనకు గూడ గావాల్నో లేదో నాకెట్ల తెలుస్తది? గందుకే అడిగిన."

"దీపం జరిపి అడుగుడు అడుగుడెట్లయితది?"

"మరి ముందుగాల దీపం కుడికున్నప్పుడు పడ్డది గదా. అదెట్ల అడుగుడైంది?"

ఆ మొదటి కుడి పువ్వును నేను ఇన్నేళ్లూ న్యాయంగా వచ్చిన జవాబుగా లెక్కవేస్తూ వచ్చాను. నా పరిశీలన ప్రకారమే అది కూడా మంట పనే. "అయితే దీపం సంగతి నీకప్పటికే తెలుసన్నట్టు" అన్నాను.

ఆమె ఆలోచించింది. నటన కాదు, నిజంగా వెతుక్కుంది. "ఎప్పుడు తెలిసిందో యాదికి లేదు బిడ్డా. నా ముచ్చటకు ముందో, ఎనకనో. ఒకసారి తెలిసినంక, తెల్వనప్పుడు ఎట్లుంటిమో యాదికుంటదా?"

తేలని ప్రశ్న అదొక్కటే. ఆ సోమవారం సెమ్మెను రెండు చేతులా ఎత్తినప్పుడు ఆమెకు తెలుసా? తెలియకపోతే, తన దారి వదిలి దేవుడి దారి అడిగిన మనిషి మా వంశంలో ఒకరైనా ఉన్నారు. తెలిసి ఉంటే, ఆమె తండ్రికి భయపడింది, లేదా తండ్రి మాటనే దేవుడి మాటగా తీసుకుంది. పెరటి వసారాలో కూర్చుని నేను ఈ మూడింటినీ ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేకపోయాను, ఎందుకంటే మూడింటిలోనూ చెయ్యి అదే విధంగా కదులుతుంది, నూనె అదే విధంగా తొణక్కుండా ఉంటుంది. సాక్షి ఒక్కతే, ఆమె జ్ఞాపకంలోకి తరువాతి తెలివి ఎప్పుడో కలిసిపోయింది. కలిసిపోయిన నీళ్లను పరీక్షిస్తే ఏం కలిసిందో చెప్పగలను, ఏ వాగు నీళ్లు ముందు వచ్చాయో చెప్పలేను. ఆమె అబద్ధమాడి ఉంటే పట్టుకునేదాన్ని. ఆమె అబద్ధం ఎట్లా ఉంటుందో నేను గడపలో నిలబడి చూసినదాన్నే. ఆమె యాదికి లేదంది.